కథలలోని బాలురు, వారి ధైర్యము

(ఒక పఠనమందిర వార్షికసభయందు చదివిన యుపన్యాసము)



నవలలలోని బాలబాలికలను గూర్చియు, కష్టకాలమున వారికి గలుగు ధైర్యమును గూర్చియు నాలుగు మాటలు చెప్పవలసినదని ఈ పఠనమందిర కార్యవర్గమువారు మమ్ము కోరిరి. విషయము చూచుటకు మెత్తనిది. కాని దాని వెనుక నొక తగవు కలదు. మాది వకీలువృత్తి, తగవును దాచి యుపన్యసించుట మాకు చేతకాదు. బాలుర బీరువాలోని కొన్ని నవలలను వేరుచేసి తాళము వేసి యుంచవలసినదని కొందరు తండ్రులు కార్యవర్గమునకు విన్నపము పెట్టియున్నారు. ఆ కథలలో పిల్లలు ఆకలికి మాడుదురు, దెబ్బలు తిందురు, ఇల్లు విడిచి పారిపోవుదురు, అబద్ధములాడుదురు, కొందరు మరణింతురు. ఇట్టివి చదివిన లేతమనస్సు క్రుంగిపోవును, లేదా చెడిపోవును అని వారి భయము. దీనికి సరిగా నెదురుగా మరికొందరు పెద్దలు వేరొక వాదము తెచ్చినారు. ఈనాటి పిల్లలు సుఖమునకు మరిగి చేతిఫోనులకు దాసులైరనియు, కష్టముల కథలు చదివినచో రాటుదేలుదురనియు, కావున ఆ పుస్తకములను నిర్బంధముగా చదివింపవలెననియు వీరి మతము.

ఉభయపక్షములవారును మాకు మిత్రులే. అయినను ఆ పుస్తకములను ఉభయపక్షములును సరిగా చదువలేదని చెప్పుటకే మేమీ వేదిక నెక్కితిమి.

కష్టము గురువని లోకులందురు. కష్టమే గురువైనచో నాతని శిష్యులందరు నొక్కతీరున తేలవలెను గదా! డికెన్సు 1837 మొదలు 1839 వరకు భాగములుగా ప్రకటించిన 'ఆలివర్ ట్విస్టు'ను తీసి చూడుడు. 1834లో ఇంగ్లండు పార్లమెంటు బీదల చట్టమును మార్చి, సాయము కోరువారు వర్కుహౌసులను గృహములలో చేరవలెనని కట్టుదిట్టము చేసెను. అచ్చటి బ్రదుకు బయటి కూలివాని బ్రదుకుకంటె హీనముగా నుండవలెను, అప్పుడుగాని బీదలు రాకుండ మానరు అని శాసనకర్తల లెక్క. ఆలివర్ పుట్టినదే యట్టి గృహమున. గంజి చాలని పిల్లలు చీట్లు వేసికొనగా, మరికొంత గంజి యడుగు పని వాని పాలబడెను. ఈ చీట్ల సంగతిని చాలమంది మరచిపోవుదురు. వాడు వీరుడై లేచినవాడు కాడు, చీటి తన పేర వచ్చినందున లేచినవాడు. భయపడుచునే లేచెను. బల్లల వెంబడి కూర్చున్న పిల్లలందరి యాకలియు వెనుకనుండి త్రోయగా గిన్నె పట్టుకొని నడచెను.

అదే నవలలో జాక్ డాకిన్సు అను మరియొక బాలుడున్నాడు. జేబుదొంగల గుంపులో వానిని మించినవాడు లేడు. వాని బాల్యము ఆలివర్ బాల్యముకంటె సుఖమైనదని యెవ్వరును చెప్పలేరు. వాడు నిజముగా రాటుదేలినాడు. పెద్దవాని కోటు తొడిగికొని, పెద్దవానివలె మాటలాడి, తుదకు వెండి పొడుముడబ్బీ కాజేసిన నేరమునకు బోనెక్కి మేజిస్ట్రేటునే వెక్కిరించి ద్వీపాంతరము పోయినాడు. వాని నోటివాడికి మావంటి వకీళ్లు ముచ్చటపడవచ్చును. కాని దానిని ధైర్యమనుటకు మాకు నోరు రాదు. రాటుదేలుట యనగా పైతోలు మందమగుట, దెబ్బ తనకు తగులకుండునట్లు చూచుకొనుట. ధైర్యము గలవానికి దెబ్బ తగులుచునే యుండును.

ఇది డికెన్సునకు పుస్తకముల వలన తెలిసిన సంగతి కాదు. 1824లో నాతని తండ్రి అప్పు తీర్పలేక లండనులోని మార్షల్సీ చెరసాలలో పడెను. పండ్రెండేండ్ల కుమారుడు బూట్లకు పూయు మసి తయారుచేయు కార్ఖానాలో వారమునకు 6 షిల్లింగుల కూలికి కుదిరి, బుడ్లకు కాగితము లంటించుచు దినములు గడపెను. కష్టము గురువే యైనచో గొప్పవాడైన పిమ్మట నా గురువు పేరు సభలలో చెప్పుకొనవలసినది. కాని యతడు ఫార్‌స్టర్ అను ప్రాణమిత్రునికి దక్క ఆ సంగతిని బయటపెట్టలేదు. తన మరణానంతరము ఆ మిత్రుడు వ్రాసిన జీవితచరిత్రవలననే లోకమున కది తెలిసెను. బాల్యమున పడిన గాయమును ఔషధమని పొగడువారు ఈ సంగతిని కొంచెము మనస్సున నుంచుకొందురు గాక.

అట్లైనచో నీ పిల్లలకు ధైర్యమెక్కడినుండి వచ్చెను? మేము చదివినంతలో మాకు తోచిన సమాధానము చిన్నది. తనకంటె దిక్కులేని మరియొక ప్రాణి భారము తనపై బడినపుడు వచ్చినది. లేదా తనవంటి మరియొకరు పక్కన నిలిచినపుడు వచ్చినది. ఒంటరిగా తనకొరకు తానే బాధపడు బాలునికి పగ గలుగును, యుక్తి గలుగును, తెగింపు గలుగును. ధైర్యము మాత్రము ఇద్దరి నడుమ పుట్టు వస్తువు.

విక్టర్ హ్యూగో 1862లో వెలువరించిన 'లే మిజరబుల్' కథను మన పెద్దలనేకులు 1950లో వచ్చిన 'బీదలపాట్లు' చలనచిత్రము మూలమున నెరుగుదురు. ఆ మహానవలలో గవ్రోషు అను పారిసు వీథిబాలుడు గలడు. 1832 జూను నాటి తిరుగుబాటులో, చచ్చిపడిన సైనికుల సంచులనుండి తూటాలేరుచు, పాట పాడుచు, గుండు తగిలి పడిపోవును. బొమ్మలు వ్రాయువారందరు నీ ఘట్టమునే వ్రాయుదురు. మాకు మాత్రము అంతకుముందటి యొక రాత్రి ఘనముగా తోచును. దిక్కులేక వీథిలో నేడ్చుచున్న ఇద్దరు పసివాండ్రను వాడు చేరదీయును. జేబులోని చిల్లరతో రొట్టె కొని పెట్టును. బాస్టీలు మైదానములోని శిథిలమైన యేనుగు బొమ్మ కడుపులో, తాను పడుకొను చోటనే, ఎలుకలు కరువకుండ తీగవల కప్పి పడుకొనబెట్టును. వారు తన సొంత తమ్ములని వానికి తెలియదు, ఎన్నటికిని తెలియదు. వాడు తూటాలకు భయపడకపోవుట మాకంత యాశ్చర్యము గాదు. ఆకలిగొన్నవాడు రొట్టెను మూడుపాళ్లు చేయుట యాశ్చర్యము.

బాలికల మాట యేమని సోదరీమణు లడుగవచ్చును. షార్లెట్ బ్రాంటె 1847లో ప్రకటించిన 'జేన్ ఎయిర్' మొదటి భాగమునకు సాటి రాగల బాలికల కథ మాకు తెలిసినంతలో అరుదు. అనాథయైన జేనును ధర్మపాఠశాలలో పడవేయుదురు. అచ్చటి ధర్మకర్త యొకనాడు అందరి యెదుట నామెను ఎత్తైన పీటపై నిలిపి అబద్ధీకురాలని చాటి, ఎవ్వరును ఆమెతో మాటలాడరాదని శాసించి పోవును. ఆ పీటపై ఆమె ప్రాణము పోవుచున్నట్లుండగా, హెలెన్ బర్న్సు అను క్షయరోగపీడితురాలైన బాలిక ఏదో పనిమీద పోవుచున్నట్లు దాటిపోవుచు, ఒక్కసారి తలయెత్తి చూచి చిరునవ్వు నవ్వును. అంతే. ఉపదేశము లేదు, ఓదార్పుమాట లేదు. జేను తల నిలిపి పీటపై నిలువబడెను. రచయిత్రి యక్కలిద్దరు, మరియా, ఎలిజబెత్తు అనువారు, ఇట్టి పాఠశాలలో చేరి జబ్బుపడి 1825లో చనిపోయిరి. ఈ చిరునవ్వును ఆమె ఎచ్చటనుండి తెచ్చి వ్రాసినదో మేము వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక మన దేశమునకు వత్తము. ప్రేమచందు 1933లో వెలువరించిన 'ఈద్‌గాహ్' కథ చాల పాఠ్యపుస్తకములలో చేరియున్నది. చేరినందున చెడినది కూడ. ఏలయన దానిని 'త్యాగము' అను శీర్షికక్రింద నుంచి పిల్లలచేత నీతిని అప్పగింపించుచున్నారు. కథను మరల నొకసారి మెల్లగా చూతము. హమీదు నాలుగైదేండ్లవాడు. తండ్రి కలరాతో పోయెను, తల్లి పాలిపోయి పోయెను. తండ్రి డబ్బు సంపాదించుటకు, తల్లి అల్లా ఇంటినుండి మంచి వస్తువులు తెచ్చుటకు వెళ్లినారని అవ్వ అమీనా చెప్పగా నమ్మి సంతోషముగ నున్నాడు. ఈదు పండుగనాడు గ్రామములోని బాలురతోకూడ పట్నమునకు పోవును. చేతిలో మూడు పైసలు. తోడివారు రంగులరాట్నమెక్కిరి, మిఠాయిలు తినిరి, వానికి చూపి యూరించిరి. మట్టిబొమ్మలు రెండేసి పైసలు పెట్టి కొనిరి: ఒకడు పోలీసుజవాను, ఒకడు నీళ్లు మోయు భిస్తీ, నూరే యనువాడు వకీలు. ఈ వకీలు నల్లగౌనును, గడియారపు గొలుసును, చేతిలో చట్టపు పుస్తకమును గలిగి జడ్జీ యెదుట వాదించి యప్పుడే వచ్చుచున్నట్లున్నాడట. హమీదు ఇనుపసామానుల దుకాణమున నిలచి, రొట్టె కాల్చునపుడు అవ్వ వ్రేళ్లు పెనముపై కాలుటను తలచి, ఐదు పైసలకు తగ్గదన్న పట్టకారును మూడు పైసలకు బేరమాడి కొనెను.

త్యాగమని చెప్పువారు గమనింపని దేమనగా, వానికి బొమ్మలపై నాశ లేకపోలేదు. బొమ్మలన్నియు మట్టివేయని, పడిన పగులునని మనస్సులో వానిని నిందించుకొనును. నిందించుచునే చేత పట్టుకొని చూడవలెనని తహతహపడును. తిరుగుత్రోవలో స్నేహితులు నవ్వగా, తన పట్టకారు భుజముమీద తుపాకియనియు, పులిని సైతము పట్టుననియు, వకీలును జవానును ఒక్కపెట్టున పడగొట్టుననియు వాదించి గెలుచును. ఇంటికి చేరిన వకీలుబొమ్మకు నూరే గోడమీద పీఠమేర్పరచి విసనకఱ్ఱతో విసరగా, ఆ విసరుననే క్రిందపడి మట్టిలో కలిసిపోయెను. మా వృత్తిపై ప్రేమచందునకు గల యభిప్రాయము దీనివలన స్పష్టముగనే యున్నది. మేము అప్పీలు చేయదలచలేదు. పూటంతయు తినక త్రాగక పిల్లవాడు పట్టకారు తెచ్చెనని అవ్వ గుండె బాదుకొనును. వాడు నేరస్థునివలె నిలచి కారణము చెప్పగా, ఆమె చిన్నపిల్లవలె నేడ్చును. కష్టమువలన వీడు రాటుదేలెనా? లేదు. కాలినది అవ్వ వ్రేళ్లు, మంట పుట్టినది వీని మనస్సున.

ఇప్పుడు విన్నపములో మొట్టమొదట పేర్కొనిన పుస్తకమునకు వచ్చితిమి. మార్క్ ట్వేన్ వ్రాసిన 'హకిల్‌బెరీ ఫిన్' ఇంగ్లండులో 1884 చివరను, అమెరికాలో 1885లోను వెలువడెను. నండూరి రామమోహనరావుగారి తెలుగు మూలమున మన బాలురకు చేరినది. హకు ఇల్లు విడిచి పారిపోయినవాడు, చుట్ట త్రాగువాడు, క్షణమునకొక యబద్ధము కల్పించువాడు. ఇవన్నియు నిజమే. తండ్రుల భయమునకు పూర్వప్రమాణము కూడ కలదు. 1885లో మసాచుసెట్సులోని కాంకార్డు గ్రంథాలయ సంఘమువారు ఈ పుస్తకమును తమ బీరువాలనుండి వెడలగొట్టిరి. దానివలన మరి 25,000 ప్రతులు అమ్ముడుపోవునని ట్వేన్ సంతోషించెను. ఈనాడు అమెరికాలోనే మరియొక యాక్షేపణ యున్నది. నీగ్రోజాతివారిని నిందించు మాట ఆ పుస్తకమున పుటపుటను వచ్చుచున్నదనియు, తరగతిలో దానిని వినవలసిన నల్లవారి బిడ్డకు అది గ్రుచ్చుకొనుననియు అందురు. ఈ యాక్షేపణ వేరు, బరువైనది. దానిని కాంకార్డువారి కోపముతో కలుపరాదు.

హకు తండ్రి త్రాగుబోతు. కుమారుని డబ్బుకొరకు వచ్చి కొట్టును. పిల్లవానిని ఆతని చేతినుండి తప్పింపుడని ఊరిపెద్దలు కోర్టున కెక్కగా, క్రొత్తగా వచ్చిన జడ్జీ కుటుంబములను విడదీయుటకు కోర్టులు పూనుకొనరాదని త్రోసిపుచ్చును. పైగా ఆ త్రాగుబోతును ఇంటికి తెచ్చి, మంచి పడక యిచ్చి, మారినానని యతడేడ్వగా తానును ఏడ్చును. ఆ రాత్రియే వాడు దిగిపోయి త్రాగి పడి చేయి విరుగగొట్టుకొనును. కుటుంబ వ్యాజ్యములు నడపిన వారెవరైన నీ యధ్యాయమును నవ్వుచు చదువలేరు. అటుపిమ్మట తండ్రి పిల్లవానిని అడవిలోని గుడిసెలో పెట్టి తాళము వేయును. వాడు పందిరక్తము చల్లి తాను హత్యచేయబడినట్లు కల్పించి పారిపోవును. ఇల్లు విడుచుట నేర్పు పుస్తకమని తండ్రులనుచున్నారు. ఆ గుడిసెను ఇల్లనుట న్యాయమా?

నదిలోని లంకలో వానికి జిమ్ కనబడును. జిమ్ బానిస. యజమానురాలు తనను 800 డాలర్లకు న్యూఆర్లియన్సు వైపు అమ్మబోవుచున్నదని విని పారిపోయి వచ్చినవాడు. ఇద్దరు నొక తెప్పపై మిసిసిపీ నదిని దిగిపోవుదురు. కథాకాలమునకు అమెరికాలో బానిసత్వము చట్టసమ్మతము. పారిపోయిన బానిసలను యజమానులకు తిరిగి యప్పగించు శాసనము 1793నుండియు నుండెను. 1865లో రాజ్యాంగసవరణముచేత బానిసత్వము రద్దగువరకు పరిస్థితి యిట్లే. చట్టమొక్కటియే కాదు, చర్చిలో బోధించినది, బడిలో చెప్పినది, ఊరిలో మర్యాదస్థులందరు నమ్మినది ఒక్కటే: పరుని బానిసను దాచుట దొంగతనము. స్వేచ్ఛ లభించిన పిదప తన భార్యను కొనెదననియు, బిడ్డలను అమ్మకున్న దొంగిలించియైన తెచ్చుకొనెదననియు జిమ్ అనగా హకు నిర్ఘాంతపోవును. తనకేమియు ద్రోహము చేయని యెవరో యజమాని సొత్తును, అనగా జిమ్ కన్నబిడ్డలను, జిమ్ దొంగిలించునట! ఇంత చేదునవ్వు మేమెచ్చటను చదువలేదు.

పట్టియిచ్చుటకే నిశ్చయించి హకు చిన్నపడవలో బయలుదేరును. తుపాకులతో ఇద్దరు ఎదురై తెప్పమీద నెవరని యడుగగా నోట మాట రాదు, వచ్చినది అబద్ధము. తెప్పపై తనవారికి మశూచికము సోకినదని వారు తలచునట్లు చేయును. వారు భయపడి, చెరి 20 డాలర్ల బంగారునాణెము చెక్కపై పెట్టి వదలి, దూరము తొలగిపోవుదురు. ప్రాణరక్షణకై యాడిన యనృతము దోషము కాదని వామనావతార కథలో శుక్రాచార్యుడు బలికి చెప్పినదానిని మన పెద్దలు మరచినారు కాబోలు! కాని హకునకు శుక్రాచార్యుడు లేడు. తాను పాపము చేసితినని వాడు నిజముగా కుములును.

దీనికి ముందటి చిన్నసంగతి యొకటి చెప్పక విడువలేము. మంచులో తెప్ప తప్పిపోయి తిరిగి కలిసినపుడు, అదంతయు కలయని హకు జిమ్‌ను ఏమార్చి నవ్వబోవును. జిమ్ నొచ్చుకొని లోనికి పోవును. బానిస యెదుట తలవంచుటకు వానికి పావుగంట పట్టెను. కాని పోయి తలవంచెను. అప్పటి ఆ దేశాచారమున తెల్లబాలునికి తుపాకుల నెదుర్కొనుటకంటె నిది కష్టము.

తరువాత ఇద్దరు మోసగాండ్రు జిమ్‌ను 40 డాలర్లకు అమ్ముకొందురు. హకు యజమానురాలికి ఆచూకి తెలుపుచు ఉత్తరము వ్రాసి, పాపము కడిగికొన్నట్లు తేలికపడును. కాగితము ముందుంచుకొని కూర్చుండగా, తనను లేపలేక తన వంతు కావలి కూడ జిమ్ కాచిన రాత్రులు జ్ఞప్తికి వచ్చును. వణకుచు, నరకమునకే పోవ నిశ్చయించి, ఉత్తరము చింపివేయును.

మన పిల్లలకు ప్రహ్లాదుని కథ చాలును గదా, ఈ తిరుగుబోతు కుఱ్ఱవాడేల యని యొక మిత్రుడు మమ్మడిగెను. ప్రహ్లాదుడు మాకును పూజ్యుడే. కాని యా బాలుడు తండ్రిని ఎదిరించునపుడు హరి తన పక్షముననున్నాడని యెరిగి యెదిరించెను. స్తంభము పగులునని వానికి సందేహము లేదు. హకునకు స్తంభము లేదు. చట్టము, ఊరు, పరలోకము, సమస్తము తన కెదురని నమ్మియు, తన యంతరాత్మయే తన్ను దోషియనుచున్నను, ఒక నిస్సహాయుని విడువలేకపోయెను. భక్తుని ధైర్యము వేరు, దిక్కులేనివాని ధైర్యము వేరు. మన పిల్లలు రెండును తెలిసికొనవలెను. పెద్దలందరు ఏకకంఠముగ తప్పు చెప్పు దినము వారి బ్రదుకున నొకటి రాకపోదు. ఈ నవల చివరి భాగమున టామ్ సాయర్ వచ్చి జిమ్ విడుదలను ఆటగా మార్చును, యజమానురాలు మరణశాసనమున జిమ్‌ను ముందే విడిచిపెట్టెనని తేలును. మా దృష్టిలో నది గ్రంథమునకు కళంకము. చింపిన ఉత్తరము తరువాత నా యాటలు రుచింపవు.

తెలుగుదేశమున నిట్టి ధైర్యమును వ్రాసినవారు లేరా యన్నచో, మాకు గర్వకారణమైన పేరున్నది, ఆయనయు వకీలే. గుంటూరు బారిస్టరు ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో రాయవెల్లూరు జైలునందు 'మాలపల్లి'ని వ్రాసిరి. కాశీనాథుని నాగేశ్వరరావుగారు పీఠిక వ్రాసిరి. మద్రాసు ప్రభుత్వము నవలను నిషేధించెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిదపగాని ఆ నిషేధము పూర్తిగ తొలగలేదు. కథను చూచి దొరతనము జంకెను. ఎవరిని చూచి? హరిజనుడైన రామదాసు కుమారుడు సంగదాసును చూచి. సంగదాసు పాలేరు. చౌదరయ్య పొలమున పని, ఆయన కుమారుడు రామానాయుడితో స్నేహము. కూలి తగవులో కూలివారి పక్షమున శాంతముగా నిలిచి, చౌదరయ్య కొట్టిన దెబ్బకు ప్రాణము విడుచును. అన్న వెంకటదాసు ఆ దుఃఖమునుండి తక్కెళ్ళ జగ్గడై ధనికులను దోచి పేదలకు పంచును. పాఠకులనేకులకు జగ్గడే వీరుడు. అందులో మేము తప్పు పట్టము, అతని కథ రక్తమును ఉడికించును. అయినను గ్రంథమంతటను మా కన్ను రామానాయుడిపై నిలుచును. చంపినవాడు తండ్రి, చచ్చినవాడు స్నేహితుడు. ఆస్తి, కులము, ఇల్లు తండ్రివైపునను, ఒక శవము రెండవవైపునను ఉండగా ఆ యువకుడు రెండవవైపునకు నడచి, సంగదాసు పేరు నిలుపుటకు పూనుకొనెను. మిసిసిపీ నదిలో చింపబడిన ఉత్తరమును మేము మాలపల్లిలో మరల చూచితిమి.

ఇక తగవునకు వత్తము. ఈ కథలు మనస్సును క్రుంగదీయునని భయపడు తండ్రులకు మా మనవి యిది: ఊరిలో పనికిపోవు పిల్లవానిని, తండ్రి దెబ్బల మచ్చలతో బడికి వచ్చు పిల్లవానిని మీ బిడ్డ నిత్యము చూచుచునే యున్నాడు. పదునాలుగేండ్లలోపువారికి చదువు హక్కని 2009లో పార్లమెంటు శాసించెను. వారిని పనిలో పెట్టుట నేరమని 2016లో చట్టమును సవరించెను, కుటుంబపు పనిలో బడివేళలు కానప్పుడు సాయపడుటకు మాత్రము విడుపునిచ్చెను. చట్టమింతవరకు చేయగలదు. ప్రక్కబల్లపైనున్న ఆ బాలుని వైపు తల త్రిప్పి చూచుట చట్టము నేర్పలేదు. బీరువాకు తాళము వేసిన మాత్రమున కష్టము కంటబడకపోదు, దానినిగూర్చి మాటలాడుటకు మాటలు మాత్రము దొరకకుండ పోవును.

నిర్బంధముగ చదివింపవలెనను మిత్రులకు మా మనవి వేరు. రాటుదేల్చుటకు నవల పనిముట్టు కాదు. ఏడ్చు పిల్లవానిని చూచి 'హమీదును చూడు, సిగ్గుపడు' అనువారు హమీదునకును ఆ పిల్లవానికిని ఇద్దరికిని అన్యాయము చేయుచున్నారు. సుఖముగ పెరిగిన బిడ్డ కథ చదివి కంట తడి పెట్టినచో ఆ తడిని తుడిచి ప్రశ్నలు వేయవలదు. కథ చివర నీతి యేమని యడుగు నలవాటును ఈ పఠనమందిరమైనను మానవలెనని మా కోరిక. ఉపాధ్యాయులు మమ్ము మన్నింతురు గాక.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమైన నాటినుండి, కాలువలపై పడవలలో సైతము పుస్తకములను త్రిప్పిన యుద్యమము మనది. అందులో స్వచ్ఛందసేవకులముగ కొంతకాలము మూటలు మోసినవారము గనుక బీరువాలను గూర్చి ఒక్క సంగతి చెప్పగలము. ఈ పఠనమందిరపు 'మాలపల్లి' ప్రతికి అట్ట లేదు, సంగదాసు మరణఘట్టమున నాలుగు పుటలు లేవు. చదివి చదివి పోయినవి. విన్నపములో దానికి కూడ తాళము వేయుమని యున్నది. రేపటి సమావేశమున తాళపుచెవి విషయము తేలకముందు, క్రొత్త ప్రతికి సొమ్ము మంజూరుచేయు తీర్మానమును ముందు చేపట్టవలసినదిగ కార్యవర్గమును కోరుచున్నాము. 'హకిల్‌బెరీ ఫిన్' రెండు ప్రతులైన కొనవలెను. ఒకటి విన్నపము పెట్టిన తండ్రులకు.